తమ్ముడి చేతికి అమరిన తుపాకీ

తుపాకీ అన్న మాట మా ఇంట్లో మళ్ళీ వినపడుతుందని నేను అనుకోలేదు. పోయిన నెల మా అమ్మాయి తన్వి, తనతో చదివే పిల్ల పుట్టినరోజుకి వెళ్ళి, ప్లాస్టిక్ గింజలు కాల్చే ఉత్తుత్తి తుపాకుల ఆట ఎయిర్‌సాఫ్ట్ ఆడి వచ్చింది. జుట్టు నిండా దుమ్ము, మోచేతి మీద ఎర్రగా కందిన మచ్చ, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఆ రోజు నుంచీ ఒకటే నస. "మమ్మీ, నాకూ ఒకటి కావాలి. రియల్ గన్ కాదు మమ్మీ, జస్ట్ ప్లాస్టిక్ బీబీలు!" ఆ బీబీలు సగ్గుబియ్యం గింజల్లా నేల మీద ఎలా దొర్లుతాయో, ఏళ్ళు గడిచాక కూడా సోఫా సందుల్లోంచి ఎలా బయటపడతాయో నాకు చెబుతుందా అది! చదువన్నాను, కళ్ళకి ప్రమాదమన్నాను, చివరికి వాళ్ళ నాన్న మీదికి తోశాను. ఆయన "కొనిద్దాంలే, ముచ్చటపడుతోంది" అని ఒక్క మాటతో నన్ను ముంచేశారు. శనివారం పొద్దున్న ప్లేనోలో మా ఇంటికి కాస్త దూరంలో ఉన్న దుకాణానికి డ్రైవ్ చేయక తప్పలేదు. అమ్మ కూడా వస్తానని వెనక సీట్లో కూర్చుంది. మిషిగన్‌లో నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది.

దుకాణంలో కుర్రాడు గాజు బల్ల మీద రెండు రైఫిళ్ళు పెట్టి, వీటికి ఎలాంటి మ్యాగజైన్లు, అంటే గింజలు నింపి కింద తగిలించే డబ్బీలు, ఇమ్మంటారు అని అడిగాడు. తన్వికి అర్థం కాలేదు. నా నోరు మాత్రం నన్ను అడక్కుండానే తెరుచుకుంది. "కింద చక్రం తిప్పేవి వద్దు. లోపల స్ప్రింగ్ మాత్రమే ఉండేవి ఇవ్వండి. ముందు ఈ రైఫిల్లో పెట్టి చూస్తాం. బటన్ నొక్కగానే వాటంతట అవే జారిపడాలి. పట్టి లాగాల్సి వస్తే మాకొద్దు." అతను నవ్వి, మీరు ఆడతారా అన్నాడు. మా తమ్ముడు ఆడేవాడన్నాను. తన్వి నా వైపు తిరిగి "మామయ్యా? ఫొటోలో మామయ్యా? హౌ?" అంది. ఎలా అంటే ఏం చెప్పను? దానికి తెలిసిన మామయ్య చక్రాల కుర్చీలో కూర్చుని కేకు ముందు నవ్వుతున్న ఫొటో, అంతే. అమ్మ గోడకి వేలాడుతున్న మాస్కులని చూస్తూ మా మాటలు విననట్టే నిలబడింది.

మేం మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో పెరిగాం. మేం ఇండియా నుంచి వచ్చేటప్పటికి నాకు పదేళ్ళు, తమ్ముడు సుధీర్ అమ్మ ఒళ్ళో ఉన్నాడు. నాన్న కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. అచ్చులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం ఆయన పని. సాయంత్రం ఆయన కోటు విప్పి తగిలిస్తే ఇల్లంతా మెషిన్ ఆయిల్ వాసన, దాని మీద అమ్మ ఇంగువ పోపు. మా చలికోట్లకి కూడా ఆ రెండు వాసనలూ పట్టి ఉండేవి. స్కూలు బస్సులో పిల్లలు ముక్కులు మూసుకుంటే నాకు ఏడుపొచ్చేది. ఇంటికొచ్చి అమ్మ మీద అరిచేదాన్ని. "పోపు వాసన పడనివాళ్ళు మంచి తిండికి మొహం వాచినవాళ్ళే" అని అమ్మ ఇంకో చిటికెడు ఇంగువ వేసేది. మా అమ్మకి వెలితి అన్నది గిట్టదు. లంచ్ బాక్స్ మూత పడకూడదు, నొక్కి పెట్టాలి. కాఫీ గ్లాసు అంచు దాకా ఉండాలి, తాగేవాళ్ళు చెయ్యి కాల్చుకున్నా సరే. "వెలితిగా పెడితే పెట్టినట్టా? ఎవరో పరాయివాళ్ళకి పెట్టినట్టుంటుంది" అనేది.

సుధీర్ మెట్లెక్కలేకపోవడం మొదట నేనే చూశాను. మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని లేచేవాడు. పరీక్షలయ్యాయి. కండరాలు ఒక్కొక్కటిగా శక్తి కోల్పోయే జబ్బు అన్నారు. మందు లేదన్నారు. ముందు కాళ్ళు, తరవాత భుజాలు, చేతులు, ఆ తరవాత ఊపిరి అని డాక్టరు వరుసగా చెబుతుంటే నాన్న ఆఫీసులో తల ఊపినట్టే తల ఊపుతూ కూర్చున్నారు. మిడిల్ స్కూల్‌కి వచ్చేసరికి వాడు కుర్చీలోకి మారాడు. ఇంటి దినచర్యంతా వాడి చుట్టూ తిరిగేది. నాన్న పొద్దున్నే ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేవారు. అమ్మ స్నానం చేయించి, బట్టలు తొడిగి, తల దువ్వి, ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. చెంచాతో తినగలిగిన రోజుల్లో కూడా అంతే. అన్నం కలిపి పెట్టడం ప్రేమ కాదా అంటే ప్రేమే. కానీ వాడు ముద్దకీ ముద్దకీ మధ్య మొహం కిటికీ వైపు తిప్పుకునేవాడు. నాకది కనపడేది, అమ్మకి కనపడేదో లేదో తెలియదు.

ఒకరోజు బడి నుంచి వచ్చి తుపాకీ కావాలన్నాడు. వాడి స్నేహితులు ప్రతి శనివారం ఊరి చివర పాత గిడ్డంగిలో ఎయిర్‌సాఫ్ట్ ఆడతారట. సిమెంటు నేల, చదునుగా ఉంటుంది, కుర్చీ వెళుతుంది, వాళ్ళని అడిగాను, రమ్మన్నారు అన్నాడు. అన్నీ కనుక్కునే వచ్చాడన్నమాట. అమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. నాన్న మాత్రం "ఎలా ఆడతావురా?" అని అడిగారు. "ఐ విల్ ఫిగర్ ఇట్ అవుట్, డాడీ. వన్ రూల్. ఆటలో నా మ్యాగజైన్ నేనే మార్చుకుంటా. ఎవ్వరూ హెల్ప్ చెయ్యొద్దు. అది చెయ్యలేకపోతే ఆడను." వాడి తెలుగు అలాగే ఉండేది, సగం అది, సగం ఇది. ఎవ్వరూ అన్నప్పుడు మాత్రం అమ్మ వైపు చూశాడు. ఓడిపోయినా, పదిమందీ కాల్చేసినా వాడికి ఫరవాలేదు. గింజలైపోయిన మ్యాగజైన్ తీసి ఇంకోటి తన చేత్తో పెట్టుకోవడం, అదొక్కటే వాడికి కావలసింది.

అప్పటినుంచి మా నాన్నలో కొత్త మనిషి లేచాడు. దుకాణానికి వెళితే వాడు ముందు ఏకే తరహాది ఇష్టపడ్డాడు. దాని మ్యాగజైన్‌ని ముందు కొక్కేనికి తగిలించి వెనక్కి తిప్పి నొక్కాలి. రెండు చేతులూ కావాలి, మణికట్టులో బలం కావాలి. వాడు ప్రయత్నించాడు. చేతులు వణికాయి. నాన్న దాన్ని పక్కన పెట్టి ఎమ్ ఫోర్ తరహాది తీసుకొచ్చారు. అందులో మ్యాగజైన్ కింద నుంచి తిన్నగా పైకి నెడితే చాలు, తియ్యడానికి ఒక వేలితో బటన్ నొక్కితే చాలు. లోహంతో చేసింది ఒళ్ళో పెడితే తొడలు నొప్పెట్టాయి. ప్లాస్టిక్‌తో చేసింది దొరికింది. ఉత్తుత్తిదని తెలియడానికి దాని కొసన పూసిన నారింజ రంగు చూసి వాడు "క్యారెట్ తిన్నట్టుంది" అని నవ్వాడు. ఎంతకాలమైందో ఆ నవ్వు విని. నేను అక్కడే ఏడ్చేస్తానేమోనని బీబీల సంచులు చదువుతున్నట్టు నటించాను.

అసలు కథ ఆ తరవాత. రైఫిల్‌తో వచ్చిన మ్యాగజైన్‌కి కింద చక్రం ఉంటుంది. మధ్య మధ్య బొటనవేలితో తిప్పాలి. అది వాడి వల్ల కాదు. స్ప్రింగ్ మ్యాగజైన్లు విడిగా కొన్నాం. అన్నింటి మీదా ఇదే రైఫిల్‌కి అని రాసి ఉంటుంది, ఒక్కటీ ఒక్కలా ఉండదు. ఒకటి వదులు, కదిలిస్తే గింజలు పైకి రావు. ఒకటి బిగుసుకుపోయి నాన్న లాగినా రాదు. ఇంకొకటి పైకెక్కుతుంది గానీ గడియ పడదు. నాన్న బేస్‌మెంట్‌లో దీపం పెట్టుకుని, ఫ్యాక్టరీలో వాడే సన్నటి ఉక్కు రేకులు సందుల్లో దూర్చి ఖాళీ ఎంతుందో చూసేవారు. "సరిపోవడం వేరురా, అమరడం వేరు" అనేవారు. వాడు పక్కనే కూర్చుని ఒక్కొక్కటీ ఎక్కించి, దించి, "నో... నో... మేబీ" అనేవాడు. పనికిరానివి తిరిగిచ్చి కొత్తవి తెచ్చేవారు. అంతవరకూ తండ్రీ కొడుకులు కలిసి చేసిన పనంటూ ఏదీ లేదు, ఎత్తడం, దించడం తప్ప. చివరికి ఏదో ఊరూ పేరూ లేని రకం, లేత బూడిద రంగువి, వాడి చేతి కింద టక్కున కూర్చున్నాయి. ఆ ఏడు దసరాకి పూజలో నాన్న కారు తాళాలు, ఉక్కు రేకుల పక్కన ఆ రైఫిల్ కూడా పెట్టి అమ్మ కుంకుమ బొట్టు పెట్టింది. పేరంటానికొచ్చిన ఒక ఆంటీ "పిల్లాడికి తుపాకీ ఏంటండీ, నాలుగు శ్లోకాలు నేర్పించొచ్చుగా" అంటే, "రాముడి చేతిలో ఏముందండీ, పుస్తకమా?" అంది అమ్మ.

గింజలు నింపడం అమ్మ తీసుకుంది. ఒక గొట్టంలో గింజలు పోసి, కడ్డీతో నొక్కుతూ ఎక్కించాలి. దానికి బలం కావాలి. వాడి నియమం మ్యాగజైన్ మార్చడానికే గానీ నింపడానికి కాదు కాబట్టి ఒప్పుకున్నాడు. శనివారం తలస్నానం చేసి, దీపం పెట్టి, తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని, డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని నింపేది. తరవాత పులిహోర డబ్బా, ఫ్లాస్కులో టీ, ఒక సంచి చిక్కుడుకాయలు. ఆ గిడ్డంగిలో పెద్దవాళ్ళు కూర్చోవడానికి అద్దాల గది ఉండేది. మిగతా తల్లులు ఫోన్లు చూసుకుంటుంటే మా అమ్మ ఒళ్ళో పేపరు పరుచుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, అద్దంలోంచి కొడుకు యుద్ధం చూసేది. వాడు ప్లైవుడ్ గోడ చాటున కుర్చీ ఆపి, ఒళ్ళో రైఫిల్ తిప్పి, బటన్ నొక్కి, ఇంకోటి పైకి నెట్టేవాడు. టక్. ఆ చప్పుడు అద్దం ఇవతలికి వినపడదు, అయినా మాకు వినపడేది.

కొన్ని నెలలు బాగా గడిచాయి. మంచు కరిగే రోజుల్లో ఒక శనివారం మ్యాగజైన్ ఎక్కలేదు. నెట్టాడు, మళ్ళీ నెట్టాడు. ఒక స్నేహితుడు చెయ్యి చాపితే తల అడ్డంగా ఊపాడు. రైఫిల్ బ్యాటరీ అయిపోయిందని అబద్ధం చెప్పి బయటికొచ్చేశాడు. ఇంట్లో కుర్చీ గోడ వైపు తిప్పుకుని "ఇట్స్ డన్, అక్కా. చేతులు అయిపోయాయి" అన్నాడు. డాక్టరు చెప్పిన వరుస నాకు కంఠతా వచ్చు. వారమంతా వాడు రైఫిల్ ముట్టుకోలేదు. నాన్న మాత్రం ఆ మ్యాగజైన్ని బేస్‌మెంట్‌కి పట్టుకెళ్ళారు. కొలిచారు, చూశారు, గోకారు. ఒక సాయంత్రం పైకొచ్చి వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మ్యాగజైన్ మూతి దగ్గరున్న చిన్న మీటని గోటితో నొక్కి నాలుగు గింజలు రాల్చారు. "ఇప్పుడు పెట్టు" అన్నారు. పెట్టాడు. టక్. చెయ్యి తిరిగిన కొద్దీ అమ్మ అంచు దాకా కుక్కి నింపుతోంది, లోపల స్ప్రింగ్‌కి నొక్కుకునే చోటు లేదు, అంతే. చేతుల తప్పు కాదు. వాడు పగలబడి నవ్వాడు. నాన్న నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

నేను వంటింటి వైపు లేచాను, అమ్మకి చెబుదామని. వాడు నా చున్నీ పట్టుకుని ఆపాడు. "చెప్పొద్దు అక్కా. షీ విల్ ఫీల్ సో బ్యాడ్. ఐ విల్ హ్యాండిల్ ఇట్." ఆ తరవాత ప్రతి శనివారం వ్యాన్‌లో వెళుతూ, అమ్మ ముందు సీట్లో పాటలు వింటుంటే, వాడు వెనక ఒక్కొక్క మ్యాగజైన్ తీసి మీట నొక్కి, ఖాళీ కాఫీ కప్పులోకి కొన్ని గింజలు రాల్చుకునేవాడు. నాకూ నాన్నకీ ఒక కన్ను కొట్టేవాడు. ఒక ఏడాదికి పైగా అలా నడిచింది. మా ఇంట్లో అంత సంతోషం దానికి ముందూ లేదు, తరవాతా లేదు.

చివరి శనివారం కూడా వాడు గింజలు రాల్చుకోవడం నేను చూశాను. అయినా ఎక్కలేదు. ఇంకొన్ని రాల్చాడు. ఎక్కలేదు. చెయ్యి పైకి వెళ్ళి మధ్యలో ఆగిపోతోంది. తరవాత కుర్చీ తిప్పుకుని అద్దాల గదిలోకి వచ్చి, అమ్మ ముందు ఆగి, నవ్వుతూ అన్నాడు. "అమ్మా, నిండా పోసేశావు. ఎక్కట్లేదు. ఇట్స్ యువర్ ఫాల్ట్." అమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టి, వాడి గడ్డం పట్టుకుని "అవున్నాన్నా, నాదే తప్పు. నా చేతికి కొలత తెలియదు" అంది. నాన్న టీ తెస్తానని పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళిపోయారు. ఫ్లాస్కు అక్కడే ఉంది. వాడు మళ్ళీ ఆడలేదు. రైఫిల్ని, మ్యాగజైన్లని స్నేహితుడికిచ్చేశాడు. కాలేజీ మొదటి ఏడు పూర్తికాకుండానే, మంచు కురుస్తున్న ఒక పొద్దున, ఊపిరి కూడా ఆ వరుసలోకి వచ్చేసింది. నా తమ్ముడు పోయాడు. దీన్ని ఎలా రాసినా ఇంతకంటే చిన్నగా రాయలేను, పెద్దగానూ రాయలేను.

ఇప్పుడు రోజులు మారాయి. ఆ జబ్బుకి ఏవో కొత్త మందులొచ్చాయని చదువుతుంటాను, చదివిన రోజు అన్నం సయించదు. ఏ మ్యాగజైన్ ఏ రైఫిల్‌కి అమరుతుందో ఫోన్‌లో వీడియోలు చూసి పిల్లలే చెప్పేస్తున్నారు. నాన్న ఉక్కు రేకులతో పడిన పాట్లు ఇంటికొచ్చాక తన్వి ఒక్క గంటలో తేల్చేసింది. దాని చేతుల్లో బలాన్ని చూస్తే నాకు సంతోషం, ఆ సంతోషం వెనకే వాడి చేతులు గుర్తొస్తాయి. ఇన్నేళ్ళూ నేను మోసుకొచ్చింది ఒక్కటే. కొడుకు ఆట తన వల్లే ఆగిపోయిందని అమ్మ నమ్ముతోంది, నిజం చెబితే తప్పు దిగిపోతుంది, కానీ వాడు ఆడిన చివరి అబద్ధం వృథా అవుతుంది. నాన్న పోయేముందు కూడా "చెప్పకే" అనే అన్నారు. చెప్పలేదు.

తన్వికి రైఫిల్ కొన్న శనివారం సాయంత్రం అమ్మ దోసెలు పోస్తోంది. తన్వి టేబుల్ దగ్గర కొత్త మ్యాగజైన్‌లో గింజలు నొక్కి నొక్కి ఎక్కిస్తోంది. అమ్మ పెనం మీంచి చూపు తిప్పకుండానే అంది. "మరీ నిండా పొయ్యకే తల్లీ. పైన నాలుగు గింజల చోటు ఉంచు. నిండా పోస్తే ఎక్కదు."

నా చేతిలో చట్నీ గిన్నె అలాగే ఉండిపోయింది. తన్వి "ఓకే అమ్మమ్మా" అని నాలుగు గింజలు రాల్చి, రైఫిల్ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

"అమ్మా, నీకెవరు చెప్పారు?"

"మీ నాన్న నోట్లో నువ్వుగింజ నానుతుందా? ఆ వారమే చెప్పేశారు."

"మరి తగ్గించలేదేం? ఏడాది పైన నిండాగానే పోశావు కదా?"

"తగ్గిస్తే వాడికి తెలిసిపోదూ? స్నానం నేను, బట్టలు నేను, ముద్ద నేను. నాకు తెలియకుండా వాడంటూ చేసుకున్న పని అదొక్కటేనే. గింజల చప్పుడు వినపడకుండా పాటల సౌండ్ పెంచేదాన్ని."

దోసె మాడుతోంది. నేనే వెళ్ళి పొయ్యి ఆపాను. "ఆ ఆఖరి రోజు?" అన్నాను.

అమ్మ మాడిన దోసెని అట్లకాడతో గీకింది. "ఆ వారమంతా వాడి చేతిలో టీవీ రిమోట్ నిలవలేదు. చూస్తూనే ఉన్నాను. అందుకని సగమే పోశాను. సగం కూడా లేదేమో. అలాంటిదాన్ని ఒళ్ళో పెట్టుకొచ్చి, నిండా పోసేశావమ్మా అన్నాడు."

"నీకు తెలుసని వాడికి తెలుసా?"

"అదొక్కటే తెలియలేదే పద్దూ" అంది అమ్మ. "ఎన్నోసార్లు అడగబోయాను. అడిగితే వాడు ఏడుస్తాడని ఊరుకున్నాను. వాడూ అందుకే ఊరుకున్నాడేమోనే."